ఎనిమిది చుట్లకు మూడు చప్పుళ్లు

సత్తెనపల్లిలో మోటారు సైకిల్ మెకానిక్ షెడ్డు ఎక్కడుందని ఎవరినీ అడగక్కర్లేదు. గుంటూరు నుంచి మాచర్ల వైపు పోయే రోడ్డు మీద ఊరు బారుగా పరుచుకుని ఉంటుంది. నరసరావుపేట దారి, అచ్చంపేట దారి ఇక్కడే చీలతాయి. ఏ దారి పట్టినా పురుగుమందుల దుకాణాల పక్కన నాలుగు రేకులు కప్పిన షెడ్డు, దాని ముందు ఆయిలు తాగి నల్లబడ్డ నేల, డబుల్ స్టాండు వేసిన బండ్లు కనిపిస్తాయి. ముప్పాళ్ల, రాజుపాలెం, నకరికల్లు, క్రోసూరు మండలాల నుంచి బజారు పని మీద వచ్చే రైతులు పొద్దున బండి షెడ్డులో వదిలి, మందులో విత్తనాలో కొనుక్కుని, బ్యాంకు పని చూసుకుని, పొద్దుగూకే వేళకి తీసుకుని వెళ్లిపోతారు.

నేను వెళ్లిన షెడ్డుకి బోర్డు మీద ఒక పేరుంది. జనం మాత్రం భాయ్ షెడ్డు అనే అంటారు. తన పేరు రాయొద్దని భాయ్ ముందే చెప్పారు కాబట్టి నేనూ భాయ్ అనే అంటాను. యాభై దాటిన మనిషి. మాట తక్కువ. మిగతా షెడ్లవాళ్లు కూడా అంతు చిక్కని చప్పుడు ఏదైనా తగిలితే బండిని ఇక్కడికి తోలుకొస్తారని విని, ఆ పని దగ్గరుండి చూడాలని వెళ్లాను. పాత బండి కొనుక్కునే వాళ్లు మన ఊళ్లలో ఎంతమందో అందరికీ తెలుసు. ఆ బండిలో ఏదో చప్పుడు మొదలైతే దాని మూలం ఎలా పట్టుకుంటారన్నది మాత్రం ఎవరూ రాయగా నేను చూడలేదు.

అవి పత్తి తీతల రోజులు. మిర్చి ఇంకా చేలోనే ఉంది. మందు కొట్టే పని తెరిపి లేకుండా నడుస్తోంది. ఈ ప్రాంతంలో బండి మీద మనిషి ఒక్కడే పోవడం అరుదు. స్ప్రేయరు, మందు డబ్బాలు, యూరియా కట్ట, కూలీలకి అన్నం క్యారియర్లు, కాలం వస్తే ముందు పెట్రోలు ట్యాంకు మీద ఒకటి, వెనక ఒకటి మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు. వానాకాలం నల్లరేగడి డొంకల్లో బురద, ఎండాకాలం దుమ్ము. ఇంత చాకిరీ చేసే వంద సీసీ బండి కొత్తది తీసుకోవాలంటే అన్నీ కలిపి లక్షకి దగ్గర పడుతుంది. అందుకే చాలామంది చిన్న రైతులు పాత బండి వైపే చూస్తారు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక అచ్చంపేట వైపు నుంచి ఒక కుర్రాడు అలాంటి బండే తెచ్చాడు. నంబరు ఏపీ 07తో మొదలవుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలన్నిటికీ కలిపి ఏపీ 39 అనే ఒకే వరస 2019లో మొదలైంది. 07 అంటే పల్నాడు జిల్లా లేని రోజుల్లో, సత్తెనపల్లి గుంటూరు జిల్లాలోనే ఉన్న కాలంలో రిజిస్టరైన బండి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా వచ్చింది. బండి కాగితాలు చేతులు మారాయి. నంబరు ప్లేటు మాత్రం అలాగే ఉంది.

కుర్రాడు బండి దిగీ దిగగానే చప్పుడు నోటితో చేసి చూపించాడు. "టక్... టక్... అని కొడతంది భాయ్. కొని మూడు నెలలు కాలా. ఒక షెడ్డులో చూపిస్తే టైమింగ్ చైను పోయింది, ఇంజిన్ దించాలి, ఐదారు వేలు అవుద్దన్నారు."

భాయ్ ఆ అనుకరణని పెద్దగా పట్టించుకోలేదు. "ఎట్టా కొడతందో తర్వాత సూద్దాం తమ్ముడూ. ఎప్పుడు కొడతందో చెప్పు."

"ఎప్పుడూ కొడతానే ఉంటది."

"ఎప్పుడూ కాదు. స్టార్ట్ చేసి నిలబెడితే వస్తందా?"

కుర్రాడు కాసేపు ఆలోచించాడు. "రాదు. బండి కదిలితేనే."

"స్పీడు పెరిగితే చప్పుడూ దగ్గర దగ్గరగా వస్తందా?"

"వస్తది."

"థర్డ్ నుంచి ఫోర్త్‌కి మార్చినప్పుడు తేడా ఏమన్నా ఉందా? అదే స్పీడులో?"

ఈ ప్రశ్నకి అతని దగ్గర సమాధానం లేదు. ఎవరి దగ్గరా ఉండదు, ఆ దృష్టితో ఎప్పుడూ విని ఉండం కాబట్టి. "ఎక్సలేటర్ వదిలితే ఎక్కువా, ఇస్తే ఎక్కువా?" అని మళ్లీ అడిగారు. దీనికి మాత్రం వెంటనే చెప్పాడు. "వదిలినప్పుడే ఎక్కువ భాయ్. గట్టిగా లాగుతుంటే తగ్గుద్ది."

ఈ నాలుగు ప్రశ్నలు అడిగేటప్పటికి భాయ్ చేతిలో పానా లేదు, టీ గ్లాసు ఉంది. అయినా సగం పని అప్పటికే అయిపోయింది. దాని వెనక ఉన్న లెక్క నాకు తర్వాత నిదానంగా చెప్పారు. బండిలో తిరిగే వస్తువులన్నీ ఒకే వేగంతో తిరగవు. క్రాంకు, టైమింగ్ చైను, క్లచ్ బయటి గిన్నె ఇంజినుతోనే నడుస్తాయి. బండి నిలబడి ఉన్నా అవి తిరుగుతూనే ఉంటాయి. వాటిలో దోషం ఉంటే నిలబెట్టి స్టార్ట్ చేసినా చప్పుడు రావాలి, ఎక్సలేటర్ ఇస్తే పెరగాలి. గేర్‌బాక్సు నుంచి బయటికొచ్చే షాఫ్టు, దాని చివర చిన్న స్ప్రాకెట్, చైను, వెనక పెద్ద స్ప్రాకెట్, చక్రం బేరింగులు మాత్రం బండి వేగంతో నడుస్తాయి. ఏ గేరులో ఉన్నామన్నది వీటికి పట్టదు. ముప్పైలో థర్డ్‌లో పోతూ ఫోర్త్ వేస్తే ఇంజిన్ తిరుగుడు తగ్గుతుంది, చక్రం తిరుగుడు మారదు. చప్పుడు ఏ దానితో పాటు మారిందో దోషం ఆ గుంపులో ఉన్నట్టు.

ఐదారు వేల అంచనా ఇక్కడే తేలిపోయిందని నాకనిపించింది. నిలబెట్టి స్టార్ట్ చేస్తే రాని చప్పుడుకి టైమింగ్ చైను ఎలా కారణమవుతుంది? అయినా భాయ్ ఆ మాట పైకి అనలేదు. బండిని డబుల్ స్టాండు వేసి స్టార్ట్ చేశారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజిన్ తలకాయ పక్కన ఆనించి, పిడిని చెవి ముందు ఎముకకి నొక్కి పట్టి విన్నారు. తర్వాత క్లచ్ కవరు మీద, ఆ తర్వాత చిన్న స్ప్రాకెట్ ఉండే వైపు. నన్నూ వినమన్నారు. ఇనుము గుండా వచ్చే శబ్దం గాలిలో వచ్చే శబ్దంలా ఉండదు. బయట వినిపించని సన్నని గరగర కూడా లోపలి నుంచి చెవిలోకి నేరుగా వచ్చేస్తుంది. టైమింగ్ చైను ఒకే తీరుగా, తడబాటు లేకుండా నడుస్తోంది. ఎక్సలేటర్ ఇచ్చినా, వదిలినా, క్లచ్ పట్టినా మార్పు లేదు. "ఇంజిన్‌కి ఏం కాలేదు తమ్ముడూ" అన్నారు భాయ్. కుర్రాడి మొహంలో వచ్చిన మార్పు చూసి తీరాల్సిందే. ఇంజిన్ దించుతారన్న భయంతో వచ్చినట్టున్నాడు.

తర్వాత ట్రయల్. రద్దీ లేని పక్క రోడ్డు మీద భాయ్ తనే తోలారు. నేను వెనక కూర్చున్నాను. నలభైకి తీసుకెళ్లి క్లచ్ పట్టి, న్యూట్రల్ చేసి, ఇంజిన్ ఆపేశారు. బండి తన వేగానికి తనే పోతోంది. ఇంజిన్ మోత లేకపోవడంతో చప్పుడు ఇంకా తేటగా వినిపించింది. టక్, టక్, టక్. సెకనుకి రెండు దాకా. వేగం తగ్గే కొద్దీ ఎడం పెరిగింది. నడక వేగానికి వచ్చేసరికి ఒక చప్పుడుకీ ఇంకో చప్పుడుకీ మధ్య ఊపిరి పీల్చుకునేంత వ్యవధి. బండి ఆగాక భాయ్ వెనక్కి తిరిగి, "చైనే అనుకుంటున్నా. లెక్క చూసి చెప్తా" అన్నారు.

అనుమానం వచ్చాక కూడా లెక్క చూస్తాననడం నాకు నచ్చింది. షెడ్డులో పనిచేసే కుర్రాడొకడున్నాడు, ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివినవాడు. అతను బండి డబుల్ స్టాండు వేసి, వెనక టైరు పక్కన సుద్దతో గీత గీశాడు. గేరు న్యూట్రల్‌లో ఉంచి చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకి తిప్పడం మొదలెట్టాడు. గీత పైకి వచ్చినప్పుడల్లా ఒక చుట్టు. అతను చుట్లు లెక్కపెడుతున్నాడు, భాయ్ చైను కవరు పక్కన కూర్చుని చప్పుళ్లు లెక్కపెడుతున్నారు. ఒకటో చుట్టులో చప్పుడు లేదు, రెండో దాంట్లో లేదు, మూడో దాంట్లో ఒకటి. ఎనిమిది చుట్లు అయ్యేసరికి మూడు. మళ్లీ మొదట్నుంచీ తిప్పించారు. మళ్లీ ఎనిమిదికి మూడే.

ఇక్కడ కాస్త ఆగాలి. ఈ బండికి ముందు స్ప్రాకెట్‌కి 14 పళ్లు, వెనక దానికి 42. వెనక చక్రం ఒక్కసారి తిరిగితే ముందుది మూడుసార్లు తిరుగుతుంది. వెనక చక్రం బేరింగులోనో, వెనక స్ప్రాకెట్ పన్నులోనో, బ్రేకు డ్రమ్ములోనో దోషం ఉంటే చప్పుడు చుట్టుకి ఒకటి రావాలి. ముందు స్ప్రాకెట్‌లో ఉంటే చుట్టుకి మూడు రావాలి. నలభై వేగంలో అవి సెకనుకి పదిహేడుకి పైగా ఉంటాయి కాబట్టి టక్ టక్ అని విడివిడిగా వినిపించవు, గుర్రుమన్నట్టు కలిసిపోతాయి. చైను సంగతి వేరు. ఈ చైనులో 112 లింకులు ఉన్నాయి. వెనక చక్రం ఒక చుట్టు తిరిగితే 42 లింకులే ముందుకి జరుగుతాయి. ఒకే లింకు మళ్లీ అదే చోటికి రావాలంటే చక్రం రెండున్నర చుట్లకి పైగా తిరగాలి. ఎనిమిది చుట్లకి 336 లింకులు జరుగుతాయి. 336ని 112తో భాగిస్తే సరిగ్గా మూడు.

ఇంజిన్ ఊడదీయలేదు, చక్రం విప్పలేదు. సుద్దముక్కతో దోషం చైనులో ఉందని, అదీ ఒకే ఒక్క లింకులో ఉందని తేలిపోయింది. పెద్ద కర్మాగారాల్లో మోటార్ల మీదా టర్బైన్ల మీదా కంపనాలు కొలిచే పరికరాలు అమర్చి, ఏ కంపనం ఎంత తరచుగా వస్తోందో చూసి ఏ బేరింగులో దోషం ఉందో చెప్పే ఇంజినీర్లు ఉంటారు. దానికి ప్రత్యేకంగా శిక్షణ, సర్టిఫికెట్లు, మంచి జీతాలు. రేకుల షెడ్డు కింద జరిగింది కూడా అక్షరాలా ఆ పనే. తిరిగే ప్రతి వస్తువుకీ తనదైన లెక్క ఉంటుంది, చప్పుడు ఆ లెక్కని బయటపెడుతుంది అన్న సూత్రం రెండు చోట్లా ఒకటే.

చైను కవరు మీద రబ్బరు మూత ఒకటుంటుంది. చైను వదులుగా ఉందో బిగువుగా ఉందో చూడటానికి పెట్టినది. భాయ్ దాన్ని తీసి, సెల్‌ఫోన్ లైటు లోపలికి వేసి, చక్రం తిప్పిస్తూ చూశారు. చప్పుడు వచ్చిన చోట చేయి పైకెత్తి ఆపమన్నారు. ఆ తర్వాతే పానా తీసుకున్నారు. కవరు రెండు ముక్కలూ విప్పి నేల మీద పెట్టారు. పై ముక్క లోపలి వైపు, గ్రీజూ మట్టీ కలిసి గట్టిపడిన నల్లటి పేరుడు మధ్యలో, బెత్తెడు పొడవున ఇనుము తళతళలాడుతోంది. ఎన్ని వేలసార్లు తగిలితే రంగు, మట్టి అన్నీ పోయి అంత నున్నగా తేలుతుందో.

అక్కడ తగిలే లింకుని పట్టుకోవడం ఇప్పుడు తేలికే. వెనక స్ప్రాకెట్ మీద నుంచి వదిలిన ప్రతి లింకూ తిన్నగా సాగి ముందుకి పోతోంది. ఒక్కటి మాత్రం స్ప్రాకెట్ గుండ్రానికి ఎలా వంగిందో అలాగే వంగి, పైకి మోకాలులా పొడుచుకుని బయటికొచ్చింది. భాయ్ రెండు వేళ్లతో దాన్ని సరిచేసి వదిలారు. మళ్లీ వంచితే వంగినట్టే ఉండిపోయింది. పక్క లింకులు దారంలా జారుతుంటే ఇది కర్రలా నిలబడింది. ఎక్సలేటర్ వదిలినప్పుడే చప్పుడు ఎక్కువ ఎందుకన్నది కూడా దీంతో తేలింది. ఇంజిన్ లాగుతున్నంతసేపూ చైను పై వరస బిగిసి ఉంటుంది, బిగుసుకున్న లింకుని కూడా బలవంతంగా తిన్నగా లాగేస్తుంది. ఎక్సలేటర్ వదిలితే చక్రమే ఇంజిన్‌ని తిప్పుతుంది. బిగువు కింది వరసకి మారి పై వరస వదులవుతుంది. అప్పుడు ఆ మోకాలు లేచి కవరుని కొడుతుంది.

ఒక్క లింకు ఎందుకు బిగుసుకుంది? తుప్పు పట్టిందా అని నేను అడిగాను. భాయ్ కిరసనాయిలు గుడ్డతో ఆ లింకుని తుడిచి నాకు చూపించారు. దాని పక్కన ఉన్న పిన్ను తలలన్నీ ఒకేలా, మిషను మీద నొక్కినట్టు గుండ్రంగా ఉన్నాయి. దీని తల మాత్రం చదునుగా, ఒక పక్కకి చితికి, అంచు పగిలి ఉంది. సుత్తి దెబ్బల గుర్తులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. "ఇక్కడ చైను తెంపి మళ్లీ కలిపారు. సుత్తితో కొట్టి రివిట్ వేశారు. దెబ్బ ఎక్కువై బయటి రేకు లోపలి రేకుని పట్టేసింది" అన్నారు. మొదట్లో ఆయిలు ఉన్నన్నాళ్లు కదిలుంటుంది. మూడు నెలల దుమ్ముకి, బురదకి ఆరిపోయి బిగుసుకుంది.

మరి చైను ఎందుకు తెంపాల్సి వచ్చింది? పాత బండి కొనేవాళ్లందరూ తెలుసుకోవాల్సిన సంగతి ఇక్కడే ఉంది కాబట్టి దీన్ని వివరంగా రాస్తాను.

ఇప్పుడు బండ్లకి వాడే రోలరు చైనుని హాన్స్ రెనాల్డ్ అనే ఆయన 1880లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో రూపొందించాడు. నూట నలభై ఏళ్లు దాటినా దాని నిర్మాణం పెద్దగా మారలేదు. మనకి దొరికే వాటిలో రోలాన్ పేరుతో వచ్చేది కోయంబత్తూరులో 1937లో మొదలైన ఎల్.జి. బాలకృష్ణన్ సంస్థది. ఏ కంపెనీదైనా లోపల అదే అమరిక: ప్రతి కీలులో ఒక పిన్ను, దాని చుట్టూ బుష్షు, దాని మీద తిరిగే రోలరు. చిన్న బండ్లకి వచ్చే చైనులో ఒక పిన్నుకీ ఇంకో పిన్నుకీ మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు, అంటే అరంగుళం. చైను పొడవు పెరిగేది రేకులు సాగడం వల్ల కాదు, పిన్నూ బుష్షూ ఒకదాన్నొకటి అరగదీసుకోవడం వల్ల. దుమ్ము పడిన చైను మీద వాడేసిన ఇంజిన్ ఆయిలు పోసే అలవాటు మన దగ్గర చాలా ఉంది. ఆ ఆయిలు దుమ్ముని పట్టుకుని కీలు లోపలికి మోసుకెళ్తుంది. అక్కడ అది వాల్వులు రుద్దే పేస్టులా పనిచేస్తుంది.

భాయ్ టేపు తీసి, చైనుని తిన్నగా లాగి పట్టి, 20 లింకులు కొలిచారు. కొత్తదయితే 254 మిల్లీమీటర్లు ఉండాలి. 260 ఉంది. అంటే ఒక్కో కీలు దగ్గర అరిగింది మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేదు. 112 కీళ్లకి కలిపితే 34 మిల్లీమీటర్లు అయింది. రెండు లింకుల పొడవు కంటే ఎక్కువ.

అల్మరాలోంచి ఈ మోడల్‌కి వచ్చే కొత్త చైను పెట్టె తీసి చూపించారు. దాని మీద 114 లింకులని ఉంది. బండిలో ఉన్నవి 112. లెక్క పూర్తయింది. చైను పొడవు పెరిగే కొద్దీ వెనక చక్రాన్ని వెనక్కి జరిపి బిగించాలి. అందుకు యాక్సిల్ రెండు పక్కలా గీతలు వేసిన అడ్జస్టర్లు ఉంటాయి. చక్రం చివరి గీత దగ్గరికి వచ్చిందంటే చైను ఆయుష్షు తీరిందని అర్థం. పాత బండి కొనేటప్పుడు కాస్త తెలిసినవాళ్లు చూసేది ఆ గీతల్నే. ఈ బండిని అమ్మేముందు ఎవరో చైనులో రెండు లింకులు తీసేశారు. పొడవు తగ్గింది, చక్రం ముందుకి వచ్చింది, అడ్జస్టరు మళ్లీ మొదటి గీతల దగ్గరికి చేరింది. అరిగిపోయిన చైను కొత్త దానిలా కనిపించింది. కుర్రాడు తలూపాడు. "మా మావయ్య గీతలే చూశాడు భాయ్. చైను కొత్తదే అన్నాడు."

గీతలు అబద్ధం చెప్పొచ్చు, టేపు చెప్పదు. అంత దూరం అక్కర్లేదు, వెనక స్ప్రాకెట్ వెనక అంచు దగ్గర చైనుని రెండు వేళ్లతో పట్టి వెనక్కి లాగి చూడమన్నారు భాయ్. మంచి చైను పన్నుకి అతుక్కుని ఉంటుంది. అరిగినదైతే లేచి, సగం పన్ను బయటికి కనిపిస్తుంది. కవరున్న బండికి రబ్బరు మూత తీసి, వేలు పెట్టి కదిలించి చూడాలి. బండి అమ్మేవాళ్లు టైరు చూడమంటారు, పెయింటు చూడమంటారు, స్టార్ట్ చేసి ఇంజిన్ వినమంటారు. చైను కవరు మూత తీయమని మాత్రం ఎవరూ చెప్పరు. ఈ ఒక్క చూపుతో చాలామంది డబ్బులు మిగులుతాయని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇంతలో కుర్రాడు అడగాల్సిందే అడిగాడు. "ఆ ఒక్క లింకునే కొంచెం లూజు చేసి ఆయిలేస్తే నడవదా భాయ్? పత్తి డబ్బులు ఇంకా రాలా."

నడుస్తుందని భాయ్ ఒప్పుకున్నారు. పిన్నుని అవతలి వైపు నుంచి చిన్న దెబ్బ కొడితే రేకు వదులై, లింకు ఈ పూటకి కదులుతుంది. చప్పుడు పోతుంది. కానీ ఆ పని చేయనన్నారు. సుత్తితో చితక్కొట్టిన పిన్ను అంచు ఇప్పటికే పగిలింది. దాన్ని వదులు చేస్తే రేకు ఏదో ఒక రోజు ఊడొస్తుంది. టిక్కీ బరువుతో, అరవై వేగంలో చైను తెగితే రెండే దారులు. ముందు స్ప్రాకెట్ దగ్గర ముద్దలా చుట్టుకుని ఇంజిన్ కేసుని పగలగొడుతుంది. లేదా వెనక చక్రంలో ఇరుక్కుని చక్రాన్ని బిగించేస్తుంది. "మొదటిదయితే డబ్బులు పోతయ్. రెండోది అయితే మనిషే" అన్నారు. మారు మాట లేకుండా కుర్రాడు చైను సెట్టు మార్చమన్నాడు. సగం డబ్బులు ఇప్పుడు, సగం పత్తి అమ్మాక. భాయ్ ఒక పాత డైరీలో రాసుకున్నారు.

సెట్టు అంటే చైనుతో పాటు ముందు, వెనక స్ప్రాకెట్లు రెండూ. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైను వేస్తే, పళ్ల మధ్య దూరం చైనుకి సరిపోక కొత్తది కూడా త్వరగా పోతుంది. కుర్రాడి బండిలో ముందు స్ప్రాకెట్ పళ్లు ఒక పక్కకి వాలి కొడవలి మొనల్లా అయ్యాయి.

వెనక చక్రం విప్పాక ఇంకొకటి బయటపడింది. వెనక స్ప్రాకెట్ బిగించిన డ్రమ్ము నేరుగా చక్రానికి అతికి ఉండదు. రెండిటికీ మధ్య రబ్బరు దిమ్మలు ఉంటాయి. ఇంజిన్ లాగుడులో వచ్చే కుదుపుని అవి మింగుతాయి. భాయ్ డ్రమ్ముని చేత్తో అటూ ఇటూ తిప్పితే వేలెడంత ఆట కనిపించింది. రబ్బర్లు గట్టిపడి, మూలలు నలిగి పొడిగా రాలుతున్నాయి. "ఇంకో చప్పుడు కూడా ఉండాలే. గేరు వేసి ఎక్సలేటర్ ఇస్తానే కిందనించి ధన్‌మని ఒక దెబ్బ" అన్నారు. కుర్రాడికి అప్పుడు గుర్తొచ్చింది. ఉందట. అది బండికి సహజమే అనుకున్నాడట. ట్రయల్‌లో నేను కూడా దాన్ని వినలేదు. టక్‌టక్ అంత గట్టిగా కొడుతుంటే దాని వెనకున్న దెబ్బ చెవికి ఆనలేదు. ఈ రబ్బర్లు మార్చకుండా కొత్త చైను వేసి పంపితే, ప్రతి గేరు మార్పుకీ కుదుపంతా కొత్త చైను పిన్నుల మీదే పడేది.

పని జరుగుతుండగా నేను డబ్బుల సంగతి అడిగాను. చైను సెట్టుకి ఇంత, రబ్బర్లకి ఇంత, బిగించినందుకు కూలి ఇంత అని బిల్లులో మూడు వరసలున్నాయి. కనిపెట్టినందుకు ఏమీ లేదు. గంటకి పైగా ప్రశ్నలు అడగడం, స్క్రూడ్రైవరు పెట్టి వినడం, ట్రయల్, సుద్ద లెక్క... దేనికీ రూపాయి లేదు. ఎందుకని అడిగితే భాయ్, "చూసినందుకు ఎవరిస్తారు సార్? ఏదన్నా మారిస్తేనే పని చేసినట్టు" అన్నారు.

ఈ మాట నన్ను చాలాసేపు వదల్లేదు. ఆలోచించే కొద్దీ అన్యాయం అక్కడే ఉందనిపించింది. మార్చిన సామానుకి మాత్రమే డబ్బులొచ్చే చోట, ఆలోచించకుండా ఇంజిన్ దించేవాడికి వేలు మిగులుతాయి. ఆలోచించి ఇంజిన్‌ని ముట్టుకోని వాడికి బిగింపు కూలి మిగులుతుంది. డాక్టరు మందు రాయకుండా పంపినా మనం ఫీజు ఇస్తాం, చూసినందుకే ఇస్తాం. వకీలుకి సలహాకి ఇస్తాం. చేతులు నల్లగా ఉండే మనిషి బుర్రకి మాత్రం వెల కట్టడం మనకి చేతకాదు. టైమింగ్ చైను అన్న షెడ్డువాళ్లని కూడా నేను మోసగాళ్లనలేను. గంటసేపు వింటే పైసా రాని చోట, చూడగానే ఏదో ఒకటి చెప్పేయాలనే తొందర ఎవరికైనా పుడుతుంది. దానికి బాధ్యత మనది కూడా.

ఐటీఐ కుర్రాడిని అడిగితే, కాలేజీలో ఇంజిన్ విప్పడం, బిగించడం బాగానే నేర్పారని చెప్పాడు. ఈ వినడం, లెక్కపెట్టడం మాత్రం ఇక్కడే నేర్చుకున్నాడట. ఇప్పటి స్కూటర్లలో చైను బదులు బెల్టు ఉంటుంది. కరెంటు బండ్లలో కొన్నిటికి మోటారు చక్రంలోనే ఉంటుంది, చైనూ లేదు, బెల్టూ లేదు. అయినా బేరింగు ఉంటుంది, తిరుగుడు ఉంటుంది, దాని లెక్క దానికి ఉంటుంది. ఈ కుర్రాడు నేర్చుకున్నది వాటికీ పనికొస్తుంది.

కొత్త చైను వేశాక చైన్ లాకు పెట్టే తీరు దగ్గరగా చూశాను. క్లిప్పు మూసి ఉన్న కొస చైను పరిగెత్తే వైపుకి ఉండాలి, తెరిచి ఉన్న కొస వెనక్కి ఉండాలి. తిరగేసి పెడితే ఏదైనా తగిలినప్పుడు క్లిప్పు ఊడిపోతుంది. భాయ్ దాన్ని కటింగ్ ప్లేయరుతో నొక్కి, వేలిగోటితో లాగి చూసి, మళ్లీ నొక్కారు. కింది వరస మధ్యలో వేలు పెట్టి పైకీ కిందకీ ఆడించి, అంగుళం వదులు ఉండేలా చక్రం జరిపారు. మరీ బిగిస్తే గుంతలో పడ్డప్పుడు చక్రం పైకి లేచి, చైను గేర్‌బాక్సు షాఫ్టు బేరింగుని లాగేస్తుందట. కవరు పై ముక్కని కిరసనాయిలుతో కడిగి, ఆ తళతళలాడే చోట రంగు పూసి బిగించారు. మళ్లీ ఎక్కడైనా తగిలితే రంగు మీద తెలిసిపోతుందని.

ట్రయల్‌కి ఈసారి బండి తెచ్చిన కుర్రాడే వెళ్లాడు. నరసరావుపేట రోడ్డు మీద కొంత దూరం పోయి వచ్చాడు. టక్‌టక్ లేదు, ధన్‌మనే దెబ్బా లేదు. ఐదొందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి తీసుకురమ్మన్నారు భాయ్, కొత్త చైను మొదట్లో కాస్త వదులవుతుంది కాబట్టి. వాడేసిన ఆయిలు మాత్రం పోయొద్దని రెండుసార్లు చెప్పారు.

కుర్రాడు బండి ఎక్కి, స్టార్ట్ చేసి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ ఆపాడు. వాళ్ల బావ కూడా ఒక పాత బండి మాట్లాడుకున్నాడట, ఆదివారం డబ్బులు కట్టాలట. "ఒకసారి చూసి చెప్తారా భాయ్?"

భాయ్ నా వైపు ఒకసారి చూసి, అతని వైపు తిరిగారు. "కట్టకముందే తీసుకురమ్మను. చూసినందుకు రెండొందలు అవుద్ది తమ్ముడూ. బండి కొన్నా ఇవ్వాలి, కొనకపోయినా ఇవ్వాలి."

"ఇప్పిస్తా భాయ్" అన్నాడు కుర్రాడు.